కొత్త గొట్టానికి పది తూటాలు

2019 జూలై 8, సోమవారం, ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు మా తమ్ముడు బరంపురంలో మా ఇంటి గేటు తీసుకుని లోపలికి వచ్చాడు. భుజాన ఖాకీ సంచిలో కొత్త రైఫిల్ ఉంది. పదకొండున్నరకి మావారికి చక్కెర జబ్బు మాత్ర ఇవ్వాలి కాబట్టి నేను అప్పుడే గడియారం చూశాను. ఈ సంగతంతా నేను ఆ నిమిషం నుంచే లెక్క కడతాను. వాడు తుపాకీ కొట్టు నుంచి నేరుగా బస్సెక్కి చేనుకి వెళ్ళిపోయి ఉంటే ఇవాళ నాకు రాయడానికి ఏమీ ఉండేది కాదు.

మా నాన్న బరంపురంలో చింతపండు, బెల్లం టోకున అమ్మేవాడు. తూకం దగ్గర, తారీకు దగ్గర ఆయన ఎవరినీ నమ్మేవాడు కాదు, తనతో సహా. నాకు ఆ గుణం వచ్చింది. తమ్ముడికి ఆయన కొన్న భూమి వచ్చింది. రామయ్యపట్నం వెళ్ళే దారిలో, సముద్రానికి రెండు కిలోమీటర్లు ఇవతల, నాలుగెకరాల ఇసక నేల. వేరుశెనగ తప్ప మరొకటి అక్కడ సరిగా పండదు. చేను చుట్టూ గట్ల మీద మొగలి పొదలు మనిషెత్తున పెరిగి ఉండేవి. వానాకాలంలో తెల్లవారక ముందే ఆ పొదల్లో దూరి పూలు కోసి అత్తరు బట్టీకి పంపేవారు. కొన్నేళ్ళు శెనగ కంటే ఆ పూలే ఇంటిని నడిపాయి.

పూల పని మా మరదలిది. ఇచ్ఛాపురం పిల్ల, మనిషి సన్నం, నోరు పెద్దది. మొగలి ఆకు అంచున రంపంలా ముళ్ళుంటాయి. ఆవిడ మోచేతుల దాకా ఎప్పుడూ ఎర్రటి గీతలే. "నా సేతులు సూస్తే పిల్లిని పెంచుతున్నాననుకుంతారు వొదినా," అనేది. వాళ్ళకి ఒక్కతే కూతురు. కాలేజీ చదువు కోసం మా ఇంట్లోనే ఉండేది. మాకు పిల్లలు లేరు.

ఆ పొదల్లోనే అడవిపందులు పగలంతా పడుకునేవి. శెనగకి ఊడలు దిగేసరికి వచ్చి మూతులతో చాళ్ళకి చాళ్ళు దున్నేసేవి. నాన్న నాటి పాత తుపాకీ కీళ్ళు వదులైపోయి పేల్చేవాడికే ప్రమాదంగా తయారైంది. దాన్ని అప్పగించి, అదే లైసెన్సు మీద రైఫిల్ కొనడానికి తమ్ముడు రెండేళ్ళు కచేరీల చుట్టూ తిరిగాడు. రైఫిల్‌తో పాటు ఆ ఏడాదికి వాడికి దొరికినవి ఇరవై తూటాలు. ఒక్క పందిని కాల్చుకోవచ్చని అటవీశాఖ ఇచ్చిన కాగితం ఒకటి. ఒక్కటంటే ఒక్కటే. కాబట్టి వాడికి కావలసిందల్లా, పేల్చిన మొదటి తూటా పెట్టిన చోట తగలడం. గాయపడి బతికిన పంది ఏం చేస్తుందో ఆ పక్క చిన్నపిల్లలకి కూడా తెలుసు.

మావారు సంచి విప్పి రైఫిల్ తీసి, గొట్టాన్ని కిటికీ వెలుగుకి పెట్టి లోపలికి చూశారు. రైల్వేలో క్యారేజీ విభాగంలో ముప్పై ఆరేళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. ఇనుము కనిపిస్తే చెయ్యి పెట్టకుండా ఉండలేరు.

"ఏటి బావా, అలగ సూస్తన్నావు? లోపల సినిమా ఏటైనా ఆడతందేటి?" అన్నాడు తమ్ముడు.

"కొత్త గొట్టం ఇది. అలవాటు సెయ్యాల. కొత్త ఇంజను పట్టుకొచ్చి తొలిరోజే మెయిలుకి తగిలిస్తారేటి?"

"కొట్టాయన ఏటీ అక్కర్లేదన్నాడు బావా. కంపినీ నూనె తుడిసేసి పేల్సుకో అన్నాడు. పది తూటాలు తగలేస్తే గొట్టం ఆయుస్సు పది తూటాలు తగ్గుతాది, మరేటీ అవదు అన్నాడు."

"కొట్టాయనకేటి, అమ్మేసినాడు. సాయంత్రం సుబేదారొస్తాడు. అడుగుదాం."

సుబేదారు అంటే సైన్యంలో చేసి రిటైరైన ఒడియా ఆయన. మావారితో రోజూ పొద్దున్నే నడకకి వెళ్ళేవారు. నన్ను భావుజా అని పిలిచేవారు, వాళ్ళ భాషలో వదిన. సాయంత్రం వచ్చి, టీ తాగుతూ, మావారు అన్నదే సరైనదన్నారు. ఆయన చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇదీ. గొట్టం లోపల మెలితిరిగిన గాడులు ఉంటాయి. మర మీద వాటిని చెక్కినప్పుడు కంటికి ఆనని గరుకు కొంత మిగులుతుంది. తూటా మీద రాగి తొడుగు ఉంటుంది. ఆ గరుకు ఆ రాగిని గీకి పట్టుకుంటుంది. ఒకటి పేల్చి, అంటిన రాగిని, దాన్ని కరిగించే మందు వేసి తుడిచి, మళ్ళీ ఒకటి పేల్చి, మళ్ళీ తుడిచి, ఇలా పది సార్లు చేస్తే పోయే తూటాలే ఆ గరుకుని నున్న చేస్తాయి. తర్వాత గొట్టం త్వరగా మురికి పట్టదు, గురి నిలుస్తుంది.

"మీ సైన్యంలో ప్రతి రైఫిల్‌కీ ఇలగే సేసేవారేటి?" అని అడిగాను.

ఆయన నవ్వారు. "సైన్యంలో ఎవరు చేస్తారు భావుజా? ఇచ్చింది పట్టుకుని పరిగెత్తడమే. ఇది నేను పోటీలకి పోయేవాళ్ళ దగ్గర నేర్చుకున్నాను."

"దాని వల్ల వాళ్ళ గురి బాగుపడ్డాదా?"

"వాళ్ళు అందరూ చేసేవాళ్ళే. చెయ్యనివాడు ఒక్కడూ లేడు, పక్కన పెట్టి పోల్చడానికి."

ఆ జవాబు నాకు నచ్చలేదు. కానీ తుపాకీ నాది కాదు. తమ్ముడు వేళ్ళ మీద లెక్క పెట్టుకున్నాడు. "ఇరవైలో పది పోతే పది ఉంతాయి. సాలు. నాకు కావాల్సింది ఒక్కటే కదా."

గేటు దగ్గర చెప్పులు వేసుకుంటూ సుబేదారు మరో మాట అన్నారు. గొట్టానికి నూనె పెట్టి దాచితే, పేల్చే ముందు పొడిగుడ్డ ఒకటి తోసి తుడవాలి అని. తమ్ముడు అప్పటికే ఆఖరి బస్సుకి వెళ్ళిపోయాడు. ఆ మాట విన్నది మావారొక్కరే. నేను టీ గ్లాసులు లోపలికి తీసుకెళ్తున్నాను.

జూలై 14 ఆదివారం మేమిద్దరం చేనుకి వెళ్ళాం. సముద్రం వైపు ఇసక దిబ్బ ఒకటి ఉంది. దాని ముందు పలక పాతి, పలకకి తెల్ల కాగితం అంటించాం. ఎనభై అంగలు నేనే నడిచి కొలిచాను. మావారు కొలిస్తే డెబ్భై ఆరు వచ్చింది, ఆయన కాళ్ళు పొడుగు. నా కొలతే ఉంచాం. తమ్ముడు బియ్యపు బస్తాలో ఇసక నింపి దాని మీద రైఫిల్ ఆనించాడు.

పేల్చడం ఒక్క క్షణం, తుడవడం పావుగంట. ఇత్తడి కుంచె ఉన్న కడ్డీతో గొట్టం లోపల మందు రుద్ది, గుడ్డపేలికలు ఒకటి తర్వాత ఒకటి తోసేవారు. రాగి కరిగి పేలిక మీద నెమలిరంగు మరక దిగేది. మరక ఆగేదాకా పేలికలు. ఆ పేలికలు మరదలి పాత చీరవి. ఆవిడ గట్టు మీద కూర్చుని చింపి ఇస్తూ ఊరుకుంటుందా?

"కొత్త కోడలికైనా ఇన్ని మర్యాదలు లేవు వొదినా. నన్ను తెచ్చినప్పుడు మీ తమ్ముడు ఒక్కపాలైనా ఇలగ మొహం తుడిసినాడేటి?"

"నీ మొహం తుడిస్తే ఈ మరకొస్తాదేటే?" అన్నాడు తమ్ముడు.

"వొస్తాది. పసుపు. నువ్వు కొన్న పసుపులో సగం సున్నమే."

మా మేనకోడలు కూడా వచ్చింది. నవ్వి నవ్వి చెవులు మూసుకోవడం మరిచిపోయి, నాలుగో తూటాకి అదిరిపడింది.

సాయంత్రం నాలుగున్నరకి పదో తూటా అయింది. నేను మొదటి మూడు తూటాలకి ఒక కాగితం, చివరి మూడింటికి మరో కాగితం పెట్టించాను. మొదటి మూడు చిల్లులు నాలుగుంపావు అంగుళాల మేర పడ్డాయి. చివరి మూడు నాలుగు అంగుళాల మేర. మావారు సంతోషించారు. "సూసినావా?" అన్నారు. పావు అంగుళం నా స్కేలు అటూ ఇటూ జరిగినా వస్తుంది. ఆ మాట నేను అన్నాను, ఎవరూ వినిపించుకోలేదు. మారినదొకటే: పదోసారి నాలుగు పేలికలకే మరక ఆగింది, మొదటిసారి తొమ్మిది పట్టాయి.

ఆ తర్వాత మావారు మరదలితో నువ్వుల నూనె వేడి చేయించి తెమ్మన్నారు. తమ్ముడు తెల్లబోయి చూశాడు.

"కొత్త పెనం కొంటే ఏటి సేస్తారు?" అన్నారు ఆయన, మరదలికేసి చూపిస్తూ. "నూనె రాసి కాక పెడతారు. ఆరబెట్టి మళ్ళీ రాస్తారు. నాలుగు రోజులు. తరవాత దాన్ని సబ్బెట్టి తోముతారేటి? తోమితే మళ్ళీ మొదటికొస్తాది. ఇదీ ఇనుమే. ఇంత కష్టపడి నున్న సేసినాం. ఇంక పొడిగుడ్డతో తుడవకు. నూనె తాగనీ."

నాకా మాట సబబుగానే తోచింది. సముద్రపు గాలికి అక్కడ గడియ, గొళ్ళెం కూడా రెండు నెలల్లో తుప్పు పట్టి ఊడిపోతాయి, కాబట్టి నూనె పెట్టడంలో తప్పు లేదు. ఇనుము విషయంలో ఆయన మాట కాదనే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు. తమ్ముడికి అసలే లేదు. వాడి పెళ్ళి దగ్గరుండి చేసింది ఆయనే.

పదిహేను రోజులకోసారి ఆదివారం మావారు బస్సెక్కి వెళ్ళి తన చేత్తో నూనె పెట్టి వచ్చేవారు. జూలై 28, ఆగస్టు 11, ఆగస్టు 25, సెప్టెంబరు 8. వచ్చాక "గొట్టం అద్దంలాగుంది" అనేవారు. ఈ మధ్యలో తమ్ముడు ఒక్క తూటా కూడా పేల్చలేదు. ఉన్నవి పది, అవి అపురూపం.

సెప్టెంబరు 11 బుధవారం, తెల్లవారుజామున ఐదుంబావుకి పంది చేలోంచి పొదల్లోకి తిరిగి పోతుంటే వాడు మంచె మీద నుంచి కాల్చాడు. అంతకు ముందు నాలుగు రోజులుగా దాని దారి చూసి పెట్టుకున్నాడు. ఎనభై అంగల దూరం. పంది మూతి వాడికి ఎడమవైపు. ముందుకాలి పైన భుజం మీద పెట్టి, ఊపిరి బిగబట్టి కాల్చాడు. పంది అరవలేదు, కూలలేదు, అదే నడకతో పొదల్లోకి పోయింది.

వాడు దిగి వెళ్ళి రక్తం కోసం వెతికాడు. ఇసక, మంచు, ఎండిన మొగలాకు. ఏడున్నర దాకా వెతికాడు. చుక్క కూడా కనపడలేదు. ఎనిమిదికి మాకు ఫోను చేశాడు, నేను ఎత్తాను. నన్ను వాడు అప్పా అంటాడు, అక్కా అని.

"అప్పా, తప్పిపోనాది."

"ఎలగ తప్పింది?"

"అదే తెలీదప్పా. భుజం మీదే పెట్టినాను. సెయ్యి కదల్లేదు. తగిలుంటే ఒక్క సుక్కైనా ఉండాల కదా. లేదు. గాల్లోకి పోనాది."

నేను ఫోను మావారికి ఇచ్చాను. "కంగారు పడ్డావు, తొలిసారి కదా," అన్నారు ఆయన. "తుపాకీలో ఏటీ లేదు. మళ్ళీ వొస్తాది, అప్పుడు సూద్దువు."

మరదలు కూడా అదే ప్రశ్న అడిగిందట. తగిలిందా? తగల్లేదు, అన్నాడు. మర్నాడు పూలకి ఎల్లొచ్చా? ఎల్లు, అన్నాడు.

సెప్టెంబరు 12 గురువారం. పక్కింటి ఇద్దరు ఆడవాళ్ళతో కలిసి ఆవిడ పూలకి వెళ్ళింది. ఎప్పటిలాగే ముందు నడిచింది ఆవిడే. ఉత్తరపు గట్టు మీద మూడో పొద దగ్గర పంది లోపలి నుంచి వచ్చి తొడ చీల్చింది. వెనకవాళ్ళు కేకలు వేస్తే తమ్ముడు పరిగెత్తి వచ్చి పంచెతో కట్టు కట్టాడు. ఆటోలో బరంపురం పెద్దాసుపత్రికి తీసుకొస్తుంటే గొళంతర దాటక ముందే పోయింది. నేను, మావారు, పిల్ల ఆసుపత్రి గేటు దగ్గర నిలబడి ఉన్నాం. ఆటో ఏడుంబావుకి వచ్చింది. డ్రైవరు దిగి, మా మొహాలు చూసి, హ్యాండిలు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

అదే సాయంత్రం అటవీశాఖ వాళ్ళు పంది చచ్చి పడి ఉండగా చూశారు. పక్కటెముకల వెనక, పొట్టలో తూటా దెబ్బ. నిన్నటిది. పొట్టలో తగిలిన తూటాకి రక్తం లోపలే కారుతుందట, చాలాసేపటి దాకా బయటికి రాదట. తప్పిపోలేదన్న సంగతి తమ్ముడికి అలా తెలిసింది.

తర్వాతి రోజుల గురించి తక్కువ చెబుతాను. పదకొండో రోజున మరదలి పెద్దన్నయ్య అందరి ముందూ అన్నాడు: "గురి రాని వోడికి తుపాకెందుకు? కర్రిచ్చి కూకోబెట్టాల్సింది." కర్మ అయ్యాక తమ్ముడిని మా ఇంటికి తెచ్చుకున్నాం. మేనకోడలు తండ్రి ఉన్న గదిలోకి రావడం మానేసింది. ఆ పిల్ల అన్నం పెట్టదు, నీళ్ళివ్వదు, నాన్నా అనదు. ఏడవలేదు కూడా. ఒక్కసారి మాత్రం నాతో, "సూడకుండా కాల్సినాడు. కాల్సి, పొమ్మన్నాడు," అంది. వాడు ఆ మాట పక్కగదిలోంచి విన్నాడు.

వారం తిరక్కుండా వాడు తనంతట తనే కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. చూపు బాగుందన్నారు. బాగుందంటే వాడు ఇంకా కుంగిపోయాడు. చూపు బాగుంటే మరి తప్పు చేతిది. అన్నం తింటూ తింటూ కుడిచెయ్యి కంచం మీద అలాగే ఆపి, దాన్ని చూస్తూ కూర్చునేవాడు. యాభై తొమ్మిదేళ్ళ మనిషి. నేను కలిపి ముద్ద నోట్లో పెట్టిన రోజులు ఉన్నాయి.

అక్టోబరు 2న పిల్లకి కాలేజీ సెలవు. పొద్దున అట్లు పోస్తున్నాను. మొదటిది పెనానికి అంటుకుని ముక్కలైంది. తీసి పక్కన పడేశాను. రెండోది సరిగా వచ్చింది, మూడోది కూడా. ఇది ప్రతిరోజూ జరిగేదే. నూనె తాగిన పెనం మీద మొదటి అట్టు ఎప్పుడూ పోతుంది. ఆ నూనె సర్దుకున్నాక మిగతావి వస్తాయి. నేను గరిటె పట్టుకుని అలాగే ఆగాను. ఆ పది తూటాల్లో ప్రతి ఒక్కటీ తుడిచిన గొట్టంలోంచే పోయింది. పంది మీద పేల్చినది ఒక్కటే నూనె గొట్టంలోంచి పోయింది. అదే మొదటిది కూడా.

మావారిని వంటింట్లోకి పిలిచాను. "ఆ తుపాకీ మళ్ళీ పేల్సి సూడాల," అన్నాను.

"ఎందుకు?"

పక్కన పడేసిన అట్టు చూపించాను. నూనె సంగతి చెప్పాను. ఆయన కుళాయి తిప్పి చేతులు కడుక్కున్నారు, అవి శుభ్రంగానే ఉన్నాయి.

"నూనెకి తూటా పక్కకెల్తాదేటి?" అన్నారు చివరికి.

"నాకు తెలీదు. కొలిస్తే తెలుస్తాది."

ఆయన వద్దంటే ఆ సంగతి అక్కడితో ఆగిపోయేది, ఆ ఆలోచన నాతోనే ఉండిపోయేది. ఆయన వద్దనలేదు. ఇది ఆయన పక్షాన రాయాలి.

పోలీసులు విచారణకి తీసుకెళ్ళిన రైఫిల్ అప్పటికి తిరిగి ఇచ్చేశారు. అక్టోబరు 6న మావారు మునుపటిలాగే నూనె పెట్టారు. వారం ఉంచాం. 13న అదే పలక, అదే దూరం, అదే ఇసక బస్తా. తమ్ముడు రానన్నాడు. "నా సేత్తో అది ముట్టుకోనప్పా" అన్నాడు. నువ్వు కాకపోతే కొలత చెల్లదు అన్నాను. వచ్చాడు. మేనకోడల్ని కూడా రమ్మన్నాను. ఆ పిల్ల చెట్టు కింద విడిగా నిలబడింది.

మొదటి తూటా గుర్తుకి ఆరంగుళాలు కిందికి, కుడికి పోయింది. తుడవకుండా రెండోది, మూడోది పేల్చాడు. రెండూ గుర్తు పక్కనే రెండంగుళాల లోపల. ఒక్కసారికి ఏదైనా జరగొచ్చు. మళ్ళీ శుభ్రం చేయించి, నూనె పెట్టించి, ఇంకో వారం ఆగి 20వ తారీకున మళ్ళీ పేల్పించాను. మొదటిది ఐదున్నర అంగుళాలు, కిందికి, కుడికి. తర్వాతవి రెండూ గుర్తు దగ్గరే. ఏడు రోజుల నూనెకే ఇంత అయితే, జూలై 14 నుంచి సెప్టెంబరు 11 దాకా మీద మీద పెట్టి జిగురు కట్టిన నూనెకి ఎంతయి ఉంటుందో నేను చెప్పలేను. కొలవనిది చెప్పను. ఎడమకి మూతి పెట్టి నడుస్తున్న పంది భుజానికి, కుడికి, కిందికి, ఆరంగుళాలంటే పొట్ట.

మావారు పలక దాకా నడిచి వెళ్ళారు. గుర్తుకీ చిల్లుకీ మధ్య అరచెయ్యి ఆనించి చూశారు. వెనక్కి వచ్చేటప్పుడు దారిలో రెండుసార్లు ఆగారు.

"బావా," అన్నాడు తమ్ముడు, "తుడవాలని సుబేదారు సెప్పినాడేటి?"

"సెప్పినాడు. ఆ దినమే. గేటు కాడ." అరచెయ్యి పంచెకి తుడుచుకుని, "నాను తుడవొద్దన్నాను," అన్నారు.

తమ్ముడు రైఫిల్ బస్తా మీద పెట్టి ఇసకలో కూర్చున్నాడు. నా వైపు చూసి, "అప్పా, అయితే నాను సరిగ్గానే పెట్టినాను," అన్నాడు.

"సరిగ్గానే పెట్టినావురా."

"భుజం మీదే కదా?"

"భుజం మీదే."

వాడు కూతురి వైపు తిరిగాడు. అంతవరకు నాకు ఒక ఆశ ఉండేది. ఈ కొలతంతా ఎందుకు చేయించానో ఇక్కడ చెప్పాలి: ఆ పిల్ల వాడిని మళ్ళీ నాన్నా అని పిలవాలని.

పిల్ల చెట్టు కింద నుంచి వచ్చింది. ముప్పై ఎనిమిది రోజుల తర్వాత తండ్రితో మాట్లాడింది.

"గురి సరిగ్గానే ఉంది. సరే. తగల్లేదని మరి ఎలగ సెప్పినావు? నూనె సెప్పిందేటి అమ్మని ఎల్లమని?"

"రక్తం లేదమ్మా. రెండు గంటలు ఎతికినాను..."

"ఇంకో రోజు ఆగి ఉంటే?"

ఆ పిల్ల మావారి వైపు చూసింది, ఆయన్ని ఏమైనా అంటుందనుకున్నాను. అనలేదు. మర్నాడు తన పుస్తకాలు, బట్టలు రెండు సంచుల్లో సర్దుకుని ఇచ్ఛాపురం మేనమామ ఇంటికి వెళ్ళిపోయింది. బస్సు దాకా నేను వెళ్ళాను. "అత్తా, ఆరోగ్యం జాగ్రత్త" అంది. మంచి పిల్ల.

తమ్ముడు రైఫిల్‌ని, మిగిలిన తూటాలని ఠాణాలో అప్పగించి లైసెన్సు వదులుకున్నాడు. మొగలి పొదలు నాలుగు గట్ల మీదా నరికించి తగలబెట్టించాడు. బట్టీవాడు వచ్చి బతిమాలినా వినలేదు. చేను కౌలుకిచ్చేశాడు. ఇప్పుడు దాని హద్దులు సిమెంటు స్తంభాలు. మళ్ళీ మా ఇంటికి రాలేదు. కోపం లేదప్పా అని ఫోనులో చెప్పేవాడు. బావకి ఇవ్వనా అంటే, పనుంది అని పెట్టేసేవాడు. మావారు రెండేళ్ళ తర్వాత గుండెజబ్బుతో పోయారు. ఆ రోజు వచ్చి పాడె మోశాడు, పన్నెండు రోజులూ ఉన్నాడు, చెయ్యాల్సిందంతా చేశాడు. పదమూడో రోజు పొద్దున్నే వెళ్ళిపోయాడు.

ఈ మధ్య సుబేదారు వచ్చారు. ఆయనకి తెలిసినవాళ్ళు ఎవరో కొత్త రైఫిల్ కొన్నారట. గొట్టాన్ని అలవాటు చెయ్యడం పనికొచ్చే పనేనా అని వాళ్ళు అడిగితే ఏం చెప్పాలో తెలియక నా దగ్గరికి వచ్చారు. పాత కాగితాలు రెండూ ఆయన ముందు పెట్టాను. పది తూటాలకి ముందు నాలుగుంపావు, తర్వాత నాలుగు. మూడేసి చిల్లులతో తేల్చగల తేడా కాదది. తుడవడం కొంచెం తేలికైంది, అంతవరకు నిజం. చేసినందుకు గొట్టం పాడవలేదు, చెయ్యకపోయినా పాడయ్యేది కాదు. కానీ అంత శ్రమ పడ్డాక మావారికి ఆ గొట్టం మీద నమ్మకం కలిగింది, ఆ నమ్మకంతోనే దాన్ని తుడవనివ్వలేదు. పేల్చే ముందు పొడిగుడ్డ తొయ్యమని చెప్పండి, అంతకు మించి నాకు తెలిసింది లేదు అన్నాను.

"నేను వెళ్తూ వెళ్తూ గేటు దగ్గర చెప్పాను భావుజా," అన్నారాయన. "కూర్చుని చెప్పాల్సింది."

నేను టీ పెట్టాను.

పోయినవి ఇవీ. మా మరదలు, నలభై ఆరో ఏట. ఇరవై తూటాలు: గొట్టానికి పది, పందికి ఒకటి, కాగితానికి ఆరు, ఠాణాకి మూడు. నాలుగు గట్ల మొగలి. ఆ చేలో మా తమ్ముడి సేద్యం. చివరి రెండేళ్ళు మావారికి బావమరిది. తండ్రికి కూతురు, పెళ్ళై పర్లాకిమిడిలో ఉంది, పీటల మీద మేనమామ కూర్చున్నాడు, వాడు జనంలో వెనక వరుసలో కూర్చుని వచ్చాడు. ఇప్పటికీ మాట్లాడదు.